సర్వర్లో ఏముందో ఎవరిని అడగాలి?

సిస్టమ్ అడ్మిన్ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక ఆదివారం ఏర్పాటు చేసిన సమావేశంలో, సర్వర్లో ఏ సాఫ్ట్‌వేరు వేసి ఉందో కనుక్కోవడం గురించి అడ్మిన్ ఒకాయన చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేశాం, కమాండ్లు మాత్రం ఆయన పలికినట్టే ఉంచాం.

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినబడుతోందా? సరే, మంచిది. స్లైడ్లేమీ తేలేదు. ఈ నల్ల తెర ఒక్కటే ఉంది. అక్షరాలు చిన్నగా ఉంటే అరవండి, పెద్దవి చేస్తాను.

ముందు ఒక రాత్రి సంగతి చెబుతాను. 2021 డిసెంబరు రెండో వారం. ఈ గదిలో అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఎంతమంది? నలుగురు. చూడండి, చెప్పకముందే వాళ్ల మొహాలు ఎలా మారాయో! లాగ్‌ఫోర్‌జే. జావా ప్రోగ్రాములు లాగులు రాసుకోవడానికి వాడే లైబ్రరీ. అందులో లొసుగు బయటపడింది. లాగిన్ పేరు అడిగిన చోటో, ఇంకెక్కడో, లాగులోకి వెళ్లే ఏ చోటనైనా ఒక చిన్న ముక్క రాసి పంపితే చాలు, అవతలివాడు మన సర్వర్లో వాడి కోడు నడిపించుకుంటాడు. రాత్రి పదకొండింటికి మేనేజర్ ఫోన్ చేశారు. "మన మిషన్లలో అది ఉందా, లేదా? ఒక్క మాటలో చెప్పు."

నలభై సర్వర్లు. నలభైలోనూ ఒకటే కమాండ్ కొట్టాను. ఆర్పీఎం మైనస్ క్యూఏ, పైప్, గ్రెప్ లాగ్‌ఫోర్‌జే. ఆర్పీఎం అంటే ప్యాకేజీలు, అంటే మూటకట్టి ఇచ్చే సాఫ్ట్‌వేరు, వేసి లెక్క రాసే ప్రోగ్రాము. దాని జాబితాలో ఆ పేరున్న లైన్లు గ్రెప్ వెతుకుతుంది. ఏమీ రాలేదు. ఒక్క లైన్ కూడా రాలేదు. "లేదు సార్" అని చెప్పి పడుకున్నాను. హాయిగా నిద్ర కూడా పట్టింది.

పొద్దున్నే డెవలపర్లలో ఒకమ్మాయి వచ్చి, "అన్నా, మా అప్లికేషన్ వార్ ఫైలు విప్పి చూశావా?" అంది. వార్ అంటే జావా అప్లికేషన్ మొత్తం కట్టిన మూట. విప్పాం. లోపల లిబ్ ఫోల్డర్, దాన్లో లాగ్‌ఫోర్‌జే కోర్ 2.14.1 జార్, అంటే ఆ లైబ్రరీ ఫైలే. నిక్షేపంలా కూర్చుని ఉంది. ఒక్క చోట కాదు, ఆరు సర్వర్లలో. ఆ నెలలో దాని ప్యాచ్ 2.15 వచ్చింది, సరిపోలేదని 2.16, ఆ తర్వాత 2.17, నెలాఖరుకి 2.17.1. క్రిస్మస్, న్యూ ఇయర్ రెండూ దానికే అయిపోయాయి, అది వేరే కథ.

ఇప్పుడు చెప్పండి, నా కమాండ్ తప్పా? ఆర్పీఎం అబద్ధమాడిందా? ఆడలేదు. అడిగినదానికి సరైన జవాబే ఇచ్చింది. నేను అడిగింది "నీ చేతుల మీదుగా ఏమేం వచ్చాయి?" అని. మేనేజర్ అడిగింది "ఇంట్లో ఏముంది?" అని. ఈ రెండూ ఒకటే అనుకోవడం నా తప్పు. రేషన్ షాపులో స్టాకు రిజిస్టర్ ఉంటుంది కదా. రిజిస్టర్లో ఇరవై బస్తాలు అని ఉంటుంది. లోపలికెళ్లి లెక్కపెడితే పద్దెనిమిదే ఉండొచ్చు. రిజిస్టర్లో లేని రెండు నూనె డబ్బాలు మూలన ఉండొచ్చు. మనం రోజూ కొట్టే లిస్టు కమాండ్లన్నీ ఆ రిజిస్టర్ తెరిచి చదివేవే. గోడౌన్ తలుపు ఒక్కటీ తియ్యదు. ఇవాళ నేను చెప్పేదంతా ఇదే. రిజిస్టర్ ఎవరు రాశారు, ఎలా చదవాలి, అందులోకి ఎక్కనివి ఎక్కడ వెతకాలి.

లైనక్స్ రకాల్లో డెబియన్, ఉబుంటు దగ్గర మొదలుపెడదాం. అక్కడ రిజిస్టర్ రాసే గుమాస్తా పేరు డీపీకేజీ. ఏపీటీ అంటే బజారుకెళ్లి సరుకు తెచ్చే మనిషి. సరుకు దించుకుని పద్దు రాసేది మాత్రం డీపీకేజీయే. ఆ పద్దు ఎక్కడుందో ఎవరైనా ఎప్పుడైనా తెరిచి చూశారా? వార్ అనే డైరెక్టరీలో, ఇందాకటి వార్ ఫైలు కాదు, లిబ్, డీపీకేజీ, స్టేటస్. ఇదుగో చూడండి. మామూలు టెక్స్ట్ ఫైలు. ప్యాకేజీ పేరు, దాని కింద స్టేటస్, దాని కింద వెర్షను. డేటాబేసు లేదు, ఏమీ లేదు. ఎడిటర్లో తెరిచి చదువుకోవచ్చు. చదువుకోవడానికే సుమా, దిద్దడానికి కాదు! ఈ ఫైలు పాడైతే మిషన్‌కి తన ఒంట్లో ఏముందో తనకే తెలియదు. అందుకే వార్ బ్యాకప్స్‌లో దీని పాత కాపీలు కొన్ని ఉంటాయి. ఎప్పుడైనా అవసరపడితే అక్కడ చూడండి.

ఇప్పుడు డీపీకేజీ మైనస్ చిన్న ఎల్. లైన్ మొదట్లో రెండక్షరాలు కనబడుతున్నాయా? చాలామంది వాటిని చూడరు, పేరు చూసి ముందుకెళ్లిపోతారు. ఆ రెండక్షరాల్లోనే ఉంది అసలు సంగతి. మొదటిది మనం కోరుకున్నది, రెండోది నిజంగా జరిగింది. ఐ ఐ అంటే ఉండాలన్నాం, ఉంది. ఆర్ సి అంటే? తీసెయ్యమన్నాం, తీసింది, కానీ కాన్ఫిగ్ ఫైళ్లు వదిలేసింది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లినా అటక మీద వాళ్ల సామాను ఉండిపోయినట్టు. మనిషి లేడు, ఇంటి లెక్కలో మాత్రం పేరుంది. రిమూవ్ అంటే ఇలా మిగులుతుంది, పర్జ్ అంటే ఆ సామాను కూడా పోతుంది. ఈ ఆర్ సి సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో నాకు పని ఉంది.

ఏపీటీ లిస్ట్ మైనస్ మైనస్ ఇన్‌స్టాల్డ్ కూడా ఇదే చూపిస్తుంది కదా, అదెందుకు వాడకూడదని అడుగుతారు. కళ్లతో చూడ్డానికి వాడుకోండి, తప్పులేదు. స్క్రిప్టులో పెట్టకండి. పైప్ పెడితే అదే హెచ్చరిస్తుంది, నా అవుట్‌పుట్ రేపు మారిపోవచ్చు, స్క్రిప్టుల్లో జాగ్రత్త అని. అంత స్పష్టంగా చెప్పినా గ్రెప్ చేసేవాళ్లున్నారు. ఆ లైన్ తెర మీద పడకుండా డెవ్ నల్‌లోకి, అంటే చెత్తబుట్టలోకి, తోసేసి మరీ గ్రెప్ చేస్తారు! స్క్రిప్టుకి డీపీకేజీ క్వెరీ మైనస్ పెద్ద డబ్ల్యూ వాడండి. మనకి కావలసిన గడులే అడిగి తెప్పించుకోవచ్చు.

ఇంకొకటి, ఏపీటీ మార్క్ షోమాన్యువల్. మనం నోరు తెరిచి అడిగినవేవి, వాటి వెనకాల తోకలా వచ్చినవేవి అని విడదీసి చెబుతుంది. పెళ్లికి పిలిచింది యాభై మందిని, వచ్చింది ఆరువందలు. పిలిచినవాళ్ల జాబితా ఇది. కొత్తగా ఒక సర్వర్ మీ చేతికొస్తే మొదట ఇది చూడండి. ఆ మిషన్ ఏ పనికోసం పెట్టారో ఇంచుమించు తెలిసిపోతుంది. తోకగా వచ్చి ఇక అవసరం లేదనిపించినవి తీసేసే ఆటోరిమూవ్ కొట్టే ముందు కూడా ఇది చూడాలి. ఎందుకంటే తోకగా వచ్చినదాన్ని మీరు నిజంగానే వాడుతూ ఉండొచ్చు. ఆ సంగతి దానికి తెలియదు కదా.

ఇక ఆర్పీఎం. రెడ్ హ్యాట్, రాకీ, ఆల్మా, ఫెడోరా లైనక్స్‌లది. మన ఊళ్ల కంపెనీల్లో ఎక్కువగా తగిలేది ఇదే. ఇక్కడ రిజిస్టర్ టెక్స్ట్ కాదు, డేటాబేసు. రెడ్ హ్యాట్ 8 దాకా బర్కిలీ డీబీ, 9 నుంచి ఎస్‌క్యూలైట్. యమ్, డీఎన్ఎఫ్ ఇక్కడ బజారుకెళ్లే మనుషులు. క్యూఏ అందరికీ తెలుసు. దాని పక్కన మైనస్ మైనస్ లాస్ట్ అని పెట్టి చూడండి. చివరగా వచ్చింది పైన, తేదీ, టైముతో సహా. "నిన్న దాకా బాగానే ఉందండీ, మేమేం ముట్టుకోలేదు" అని అందరూ అంటారు. అప్పుడు ఈ కమాండ్ కొట్టి తెర వాళ్ల వైపు తిప్పండి. నేనింకేం చెప్పక్కర్లేదు.

డీఎన్ఎఫ్ హిస్టరీ ఇంకా బాగుంటుంది. ఏ యూజరు, ఎప్పుడు, ఏ కమాండ్ కొట్టాడు, దాంతో ఎన్ని మారాయి, అన్నీ నంబర్లు వేసి పెడుతుంది. ఆ నంబరిచ్చి అన్‌డూ అనొచ్చు. వెనక్కి వెళ్లడానికి పాత వెర్షను రిపోలో, అంటే ప్యాకేజీలు దొరికే బజారులో, ఇంకా ఉండాలి, లేకపోతే కుదరదు. డెబియన్ వైపు ఇంత సుఖం లేదు. వార్ లాగ్ ఏపీటీలో హిస్టరీ డాట్ లాగ్ చదువుకోవాలి. ఈ ఒక్క విషయంలో నేను డీఎన్ఎఫ్ పక్షం. డెబియన్ అభిమానులు కోప్పడకండి!

రెడ్ హ్యాట్ కుటుంబంలోని సెంటాస్ 7 ఇంకా నడుపుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? సిగ్గుపడకండి, నేనూ చూస్తున్నాను ఒకచోట. 2024 జూన్ 30తో దాని కాలం చెల్లింది. ఇప్పుడు యమ్ అప్‌డేట్ అంటే మిర్రర్, అంటే ప్యాకేజీలిచ్చే సర్వర్, దొరకలేదని ఏడుస్తుంది. కానీ ఆర్పీఎం మైనస్ క్యూఏ మాత్రం చక్కగా పని చేస్తుంది. ఎందుకు? రిజిస్టర్ ఇంట్లోనే ఉంది. మూతపడింది బజారు.

వెర్షను నంబరు దగ్గర కొంచెం ఆగాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మీ ఇంట్లో వంటగదిలో హార్లిక్స్ సీసా ఉందా? అందులో హార్లిక్సే ఉందా? లేదు కదా! కందిపప్పు ఉంటుంది, లేకపోతే ఎండుమిర్చి. అమ్మకి తెలుసు. కొత్తగా వచ్చినవాళ్లకి తెలియదు. వెర్షను నంబరు కూడా ఆ సీసా మీద లేబుల్ లాంటిదే.

2014 ఏప్రిల్లో హార్ట్‌బ్లీడ్ అనే లొసుగు వచ్చింది, నెట్‌లో మాటలు రహస్యంగా ఉంచే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో. అసలు తయారీదార్లు 1.0.1జిలో సరిచేశాం అన్నారు. మా ఆడిటర్ గారు రెడ్ హ్యాట్ 6 మిషన్లు చూసి, "మీ దగ్గర 1.0.1ఇ ఉంది, మీరు మునిగిపోయారు" అని రాసిచ్చారు. నిజమే, లేబుల్ మీద ఇ అనే ఉంది. కానీ రెడ్ హ్యాట్ వాళ్లు మామూలుగా వెర్షను మార్చరు. పాత సీసాలోనే మందు మార్చి, వెనకాల చిన్న అక్షరాల్లో ఉండే రిలీజ్ నంబరు పెంచుతారు. ఆ రిలీజ్ ఎల్6 అండర్‌స్కోర్ 5.7 దగ్గర రోగం నయమైంది. ఆడిటర్‌కి ఎలా చూపించాలి? ఆర్పీఎం మైనస్ క్యూ, మైనస్ మైనస్ చేంజ్‌లాగ్, ఓపెన్ఎస్ఎస్ఎల్. అందులో ఆ లొసుగుకి ఇచ్చిన నంబరు, సీవీఈ 2014, 0160 అని గ్రెప్ చేస్తే, సరిచేశాం అని వాళ్లే రాసిన లైన్ వస్తుంది. ఆ లైన్ ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు.

దీనికి అటువైపు కూడా ఉంది, అది ఇంకా తమాషా. 2024 మార్చి 29. ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీ గుర్తుందా? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. దూరం నుంచి సర్వర్లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వుకుంటూ పోతే, ఆ లైబ్రరీలో ఎవరో దొంగతలుపు పెట్టిన సంగతి బయటపడింది. అర సెకను! మనమైతే నెట్ స్లోగా ఉందిలే అనుకుని టీకి వెళ్లేవాళ్లం. పాడైనవి 5.6.0, 5.6.1. ఇంకా పరీక్షలో ఉండే డెబియన్ టెస్టింగ్ వాళ్లు వెంటనే పాతదానికి వెళ్లిపోవాలి. కానీ ప్యాకేజీ మేనేజర్ తనంతట తాను వెనక్కి నడవదు, పెద్ద నంబరు వైపే నడుస్తుంది. ఏం చేశారు? కొత్త ప్యాకేజీకి పేరు ఇలా పెట్టారు: 5.6.1 ప్లస్ రియల్లీ 5.4.5. రియల్లీ అనే మాట వెర్షను నంబరులో! పైకి 5.6.1, లోపల నిజంగా 5.4.5. ఇప్పుడు మీ స్క్రిప్టు 5.6.1 అని గ్రెప్ చేస్తే ఏం జరుగుతుంది? బాగుపడిన మిషన్లనే పట్టుకుని దొంగ దొంగ అని అరుస్తుంది.

సీసా మూత తీసి చూసే మార్గం కూడా ఉంది. ఆర్పీఎం మైనస్ పెద్ద వి. ఇది మాత్రం కాస్త గోడౌన్‌లోకి తొంగిచూస్తుంది. ప్యాకేజీతో వచ్చిన ప్రతి ఫైలూ వచ్చినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందా అని పోలుస్తుంది. ఎస్ అంటే సైజు మారింది, అయిదు అంకె అంటే లోపలి అక్షరాలు మారాయి, టి అంటే టైము మారింది. పక్కన చిన్న సి ఉంటే అది కాన్ఫిగ్ ఫైలు, మనమే మార్చి ఉంటాం, పర్లేదు. సి లేకుండా యూఎస్ఆర్ బిన్‌లో ఫైలుకి అయిదు పడిందా? అప్పుడు మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చోండి. డీపీకేజీకి కూడా మైనస్ మైనస్ వెరిఫై ఉంది.

సరే, రిజిస్టర్‌కెక్కని సరుకు. ఒక ఫైలు చూపించి, "ఇది ఎవరిది?" అని అడగాలి. ఆర్పీఎం మైనస్ క్యూఎఫ్, ఫైలు పేరు. ఏ ప్యాకేజీదీ కాదు అని వచ్చిందంటే, అది ఎవరో చేత్తో తెచ్చి పడేసినది. డెబియన్లో డీపీకేజీ మైనస్ పెద్ద ఎస్. ఇక్కడ ఒక చిన్న గొయ్యి ఉంది. డెబియన్ 12లో యూఎస్ఆర్ బిన్ ఎల్ఎస్ ఎవరిది అని అడిగితే తెలియదంటుంది. బిన్ ఎల్ఎస్ అని అడిగితే కోర్‌యుటిల్స్ అంటుంది. ఫైలు ఒకటే! పద్దులో పాత అడ్రస్ రాసుకుంది, అంతే. దీంతో ఒక పూటంతా హ్యాకింగ్ జరిగిందనుకుని కంగారుపడ్డవాణ్ణి నాకు తెలుసు. అద్దంలో రోజూ కనిపిస్తాడు.

అసలు గుట్టలు ఎక్కడుంటాయంటే, ఓపీటీ, యూఎస్ఆర్ లోకల్, హోమ్ డైరెక్టరీలు. టార్ మూట విప్పి పెట్టిన టామ్‌క్యాట్ అనే జావా సర్వర్, సోర్సు కోడు నుంచి మేక్ ఇన్‌స్టాల్ అని మనమే కట్టుకున్నవి. పైథాన్ వాళ్ల పిప్‌కి వేరే రిజిస్టర్, నోడ్ వాళ్ల ఎన్‌పీఎమ్‌కి వేరే, స్నాప్‌కి వేరే. ఒకప్పుడు పిప్, ఏపీటీ రెండూ ఒకే గదిలో సామాను సర్దుకుంటూ కొట్టుకునేవి. డెబియన్ 12 నుంచి పిప్‌ని బయటే ఆపేశారు, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే నీకు వేరే గది, చేసుకుని రా అని. కాదు కూడదు అంటే ఒక ఆప్షన్ ఇచ్చారు. దాని పేరే బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్. ఇంత నిజాయితీగా పేరు పెట్టిన ఆప్షన్ నేనింకోటి చూడలేదు. డాకర్ కంటైనర్లయితే, అంటే ఒకే మిషన్లో విడివిడిగా నడిచే డబ్బాలైతే, ఒక్కో డబ్బాలో ఒక్కో రిజిస్టర్. బయట ఉబుంటు, లోపల ఆల్పైన్ అనే చిన్న లైనక్స్. బయట నిలబడి డీపీకేజీ కొడితే లోపలిది ఎలా తెలుస్తుంది? లోపలికెళ్లి ఏపీకే ఇన్ఫో అనాలి. ఆల్పైన్‌లో మనం అడిగి వేయించుకున్న పేర్లన్నీ ఈటీసీ ఏపీకే వరల్డ్ అనే చిన్న ఫైలులో ఉంటాయి. వరల్డ్! పది లైన్ల ప్రపంచం.

లైనక్స్ కాని ఫ్రీబీఎస్‌డీ వాడేవాళ్లు ఒకరున్నారా? ఉన్నారు. అక్కడ పీకేజీ ఇన్ఫో. లైనక్స్ నుంచి వెళ్లినవాళ్లు ఆ జాబితాలో ఎస్ఎస్‌హెచ్ కనబడలేదని కంగారుపడతారు. అక్కడ బేస్ సిస్టమ్ వేరు, మీద వేసుకునే ప్యాకేజీలు వేరు. ఎస్ఎస్‌హెచ్ బేస్‌తోనే వస్తుంది, దాని వెర్షను సంగతి ఫ్రీబీఎస్‌డీ వెర్షన్ అనే కమాండుని అడగాలి. నాకు అక్కడ బాగా నచ్చేది పీకేజీ ఆడిట్ మైనస్ పెద్ద ఎఫ్. లొసుగుల జాబితా తెచ్చుకుని, మీ దగ్గరున్న వాటితో పోల్చి, ఏవి ప్రమాదమో చెప్పేస్తుంది. బ్యాంకుల్లో ఐబీఎం వాళ్ల ఏఐఎక్స్ తగిలితే ఎల్ఎస్ఎల్‌పీపీ మైనస్ పెద్ద ఎల్, అంతవరకు గుర్తుంచుకోండి చాలు.

విండోస్ సర్వర్ గురించి ఒక్క హెచ్చరిక చేస్తాను, ఇది మాత్రం రాసుకోండి. నెట్‌లో వెతికితే మొదట దొరికే చిట్కా, డబ్ల్యూఎమ్ఐ అనే విండోస్ సమాచార సేవలో విన్32 ప్రొడక్ట్ అడగమని. అడగకండి. లిస్టు అడిగితే అది లిస్టు ఇచ్చి ఊరుకోదు. ఎమ్ఎస్ఐ అనే ఇన్‌స్టాలర్ ఫైలుతో వేసిన ప్రతి ప్రోగ్రామునూ సరిగ్గా ఉందో లేదో తనిఖీ చేస్తుంది, సరిగ్గా లేదనిపిస్తే రిపేరు మొదలుపెడుతుంది. సామాను లెక్కపెట్టమంటే గోడలు పగలగొట్టినట్టు. ఈవెంట్ లాగులో 1035 నంబరు వరసగా పడుతుంది. మధ్యాహ్నం పూట ప్రొడక్షన్ మీద, అంటే అసలు పని నడుస్తున్న సర్వర్ మీద, నేనే కొట్టాను, తప్పు నాదే. రిజిస్ట్రీలో అన్‌ఇన్‌స్టాల్ అనే కీ ఉంటుంది, పవర్‌షెల్‌తో అది చదువుకోండి. 32 బిట్ వాటికి వావ్6432నోడ్ కింద ఇంకో కీ ఉంది, రెండూ చదవాలి. సర్వర్ రోల్స్ కోసం గెట్ విండోస్ ఫీచర్.

ఇంకొక్కటి, అప్‌డేట్ చేశాక సంగతి. ఓపెన్ఎస్ఎస్ఎల్ కొత్తది వేశారు, లిస్టులో కొత్త నంబరు వచ్చింది, టికెట్ మూసేశారు. కానీ నెల రోజులుగా నడుస్తున్న వెబ్ సర్వర్ మెమరీలో ఉన్నది ఏది? పాతదే. ఫైలు చెరిగిపోయినా అది పట్టుకునే కూర్చుంటుంది, రీస్టార్ట్ చేసేదాకా. రెడ్ హ్యాట్ వైపు నీడ్స్ రీస్టార్టింగ్, డెబియన్ వైపు నీడ్‌రీస్టార్ట్. ఇవి నడిపి చూశాకే టికెట్ మూయండి.

ఏమిటండీ? కొంచెం గట్టిగా. "నలభై సర్వర్లు రోజూ ఎవరు చూస్తారు?" అంటున్నారు. మంచి ప్రశ్న. ఎవరూ చూడరు. చాలా మిషన్లకి ఒకేసారి పని చెప్పే ఆన్సిబుల్‌లో ప్యాకేజ్ ఫ్యాక్ట్స్ అని ఒక మాడ్యూల్ ఉంది, అన్ని మిషన్ల లిస్టులూ ఒకచోట చేరుస్తుంది. నేనైతే ఇంకా నాటుగా చేస్తాను. ఇప్పుడు నా దగ్గరున్నవి ఎక్కువ డెబియన్ మిషన్లు. రాత్రి రెండింటికి, టైముకి కమాండ్లు నడిపే క్రాన్‌లో, డీపీకేజీ క్వెరీ మైనస్ డబ్ల్యూ, దాన్ని ఒక ఫైలులోకి, ఆ ఫైలు గిట్‌లోకి, అంటే ఏ రోజు ఏం మారిందో గుర్తుంచుకునేదానిలోకి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంటేనే నాకు మెయిల్ వస్తుంది. ఏ మార్పూ లేని రోజు మెయిలే ఉండదు.

ఒకరోజు ఒక్క లైన్ మెయిల్ వచ్చింది. ప్లస్ గుర్తు, పక్కన టీసీపీడంప్, నెట్‌వర్క్‌లో పోయేది పట్టి చూపించే ప్రోగ్రాము. డేటాబేసు సర్వర్ మీద. మా కుర్రాడికి ఫోన్ చేస్తే, "అన్నా, నీకెలా తెలిసింది?" అన్నాడు. రాత్రి నెట్‌వర్క్ గొడవ వెతకడానికి వేసుకుని మర్చిపోయాడట. తీసెయ్యి అన్నాను, తీసేశానన్నాడు. మర్నాడు మైనస్ గుర్తుతో మెయిల్ రావాలి కదా? రాలేదు. మళ్లీ ఫోన్ చేశాను. "ఒట్టు అన్నా, తీసేశాను" అంటాడు. లాగినై చూస్తే నిజంగానే టీసీపీడంప్ కమాండ్ లేదు. లిస్టులో మాత్రం పేరుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, ఆర్ సి. వాడు రిమూవ్ అన్నాడు, ఈటీసీలో ఒక యాప్ఆర్మర్ కాన్ఫిగ్ ఫైలు మిగిలింది. నా డబ్ల్యూ కమాండ్ ఆ రెండక్షరాలు అడగకుండా పేరు, వెర్షనే తెచ్చి పెడుతోంది. అన్నాళ్లూ నా గిట్‌లో అలా ఎన్ని ఖాళీ ఇళ్లు ఉన్నట్టు రాసుకున్నానో! ఆ రోజే ఫార్మాట్లో స్టేటస్ అబ్రివ్ గడి కలిపాను. మర్నాడు వచ్చిన మెయిల్ చాలా పెద్దది.